శరీరం సఫ్‌లో, మనసెక్కడ?

అసర్ నమాజుకు నిలబడతాం. భుజం భుజం కలుస్తుంది. తక్బీర్ పలికి చేతులు కట్టుకుంటాం. సలాం తిప్పేసరికి దుకాణం బాకీలూ, పిల్లవాడి ఫీజూ, పొద్దున బంధువు విసిరిన మాటా అన్నీ ఒకసారి చుట్టి వచ్చి ఉంటాం. ఇమాం రుకూలోకి ఎప్పుడు వెళ్ళారో మాత్రం గుర్తుండదు. నమాజు మన శరీరం చేసింది, మరి మనం చేశామా? ఈ బెంగ మనలో చాలామందికి ఉంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోం.

సాఫల్యం పొందే విశ్వాసుల గుణాలను వివరిస్తూ దివ్య ఖుర్ఆన్‌లోని 'అల్ మూమినూన్' సూరా అన్నిటికంటే ముందు నమాజులోని ఖుషూను పేర్కొంది. ఈ మాటను మనం భయభక్తులని తెలుగు చేసుకుంటున్నాం. అది తప్పని అనలేం గాని, అణకువ, నిశ్చలత కూడా అందులో ఉన్నాయి. ఇదే ధాతువును ఖుర్ఆన్ వాలిన చూపులకూ, తగ్గిన స్వరాలకూ, వాన లేక అణగిపడి ఉన్న నేలకూ వాడింది. కనుక ఖుషూ అనేది మనసు ఒక్కదాని వ్యవహారం కాదు. అది కళ్ళలో, గొంతులో, కీళ్ళలో కూడా కనిపించాలి.

వుజూ దగ్గరే చూడండి. ఒక ప్రయాణంలో అసర్ వేళ మించిపోతోందని సహచరులు గబగబా పాదాలు తడుపుకుంటున్నారు. మడమలు పొడిగా ఉండిపోయాయి. దైవప్రవక్త (స) అది చూసి, ఆ మడమల గురించి గొంతెత్తి నరకాగ్ని హెచ్చరిక చేశారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. మడమ మనకు కనిపించని చోటు, తొందరలో ఉన్నవాడికి గుర్తుకురాని చోటు. అక్కడికి నీళ్ళు చేరాలంటే ముందు ధ్యాస చేరాలి. కొళాయి తిప్పి ఫోనులో మాట్లాడుతూనే వుజూ ముగించే మన అలవాటును ఈ హదీసు పక్కన పెట్టి చూసుకోవాలి.

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన మరో సంఘటన మనందరికీ తెలిసిందే. ఒక వ్యక్తి మస్జిదులో నమాజు చేసి వచ్చి సలాం చేశాడు. అతను నమాజు చేయనే లేదని, వెళ్ళి మళ్ళీ చేయమని దైవప్రవక్త (స) పంపించారు. ఇలా మూడుసార్లు జరిగింది. ఇంతకంటే బాగా తనకు రాదని అతను ఒప్పుకున్నాక అప్పుడు నేర్పించారు. రుకూలో కుదుటపడేదాకా ఉండాలి, లేచి పూర్తిగా నిటారుగా నిలబడాలి, సజ్దాలో కుదుటపడాలి, ఆపైన కూర్చోవాలి. ఆలోచనలు ఆపుకొమ్మన్న మాట అందులో లేదు. అవయవాలను కుదురుగా ఉంచమన్నారు, అంతే. రమజాన్ రాత్రుల్లో కొన్ని చోట్ల పరుగులు తీసే తరావీలను తలచుకుంటే, ఆ మనిషిని మనం తప్పుపట్టగలమా అనిపిస్తుంది!

సజ్దాలో నేలను తాకవలసిన ఏడింటిని కూడా హదీసు లెక్కగట్టి చెప్పింది: ముక్కుతో సహా నుదురు, రెండు చేతులు, రెండు మోకాళ్ళు, రెండు పాదాల వేళ్ళు. హనఫీ ఫిఖహ్ కళ్ళకు సైతం చోటు చూపింది. నిలబడినప్పుడు సజ్దా చేసే చోటు, రుకూలో పాదాలు, సజ్దాలో ముక్కు కొస, కూర్చున్నప్పుడు ఒడి.

పాశ్చాత్య దేశాల్లో ఇప్పుడు మైండ్‌ఫుల్‌నెస్ పేరిట ఒక శిక్షణ ఇస్తున్నారు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబట్-జిన్ దీన్ని ప్రారంభించారు. మనిషిని పడుకోబెట్టి, కాలి వేళ్ళ నుంచి తల దాకా ఒక్కొక్క భాగం మీద ధ్యాస నిలపమంటారు. మన నమాజులో ఇదంతా ముందే ఉందని సంబరపడేవారున్నారు. మాకు ఆ పోలిక అంతగా రుచించదు. అక్కడ ఒత్తిడినీ నొప్పినీ తట్టుకోవడం లక్ష్యం. ఇక్కడ ప్రభువు ఎదుట నిలబడుతున్నాం. అయితే ఒక్క సంగతి ఒప్పుకోవాలి. పారిపోయే మనసుతో కుస్తీ పట్టడం కంటే, చాప మీద అరికాళ్ళు ఎలా ఆనుతున్నాయో, నుదుటికి నేల చల్లగా ఉందో వెచ్చగా ఉందో గమనించడం సులువు. మనసు వాటి వెంట వస్తుంది.

అయినా మళ్ళీ జారిపోతుంది. షైతాను నమాజులో ఉన్నవానికి మరచిపోయినవన్నీ గుర్తుచేసి, ఎన్ని రకాతులు చేశాడో తెలియకుండా చేస్తాడని హదీసు ముందే చెప్పింది. దానికి షరీఅత్ చూపిన దారి చూడండి, పశ్చాత్తాపంతో కుమిలిపొమ్మనలేదు. సజ్దా సహూ చేయమంది. మరో రెండుసార్లు నుదురు నేలకు ఆనించమంది!

ఇక్కడ సోదరీమణుల మాట ఒకటి. ఒంట్లోంచి బాణం లాగినా తెలియనంతగా నమాజులో లీనమైన పెద్దల కథలు బయానుల్లో వింటుంటాం. అవి విని, పక్కన పసివాడు ఏడిస్తే చెవిన పడుతోంది కదా, నా నమాజు నమాజేనా అని నొచ్చుకునే తల్లులున్నారు. దైవప్రవక్త (స) నమాజు చేయిస్తూ పసిబిడ్డ ఏడుపు విని, తల్లి పడే బాధను తలచి నమాజును కుదించేవారు. మనవరాలు ఉమామాను ఎత్తుకుని నమాజు చేశారు, సజ్దాకు వెళ్ళేటప్పుడు దించి, లేచేటప్పుడు ఎత్తుకున్నారు. ఆయన చెవులు వింటూనే ఉన్నాయి, భుజానికి బిడ్డ బరువు తెలుస్తూనే ఉంది. భోజనం వడ్డించి ఉన్నప్పుడూ, మలమూత్రాలు ఆపుకొంటున్నప్పుడూ నమాజుకు నిలబడవద్దని చెప్పిందీ ఆయనే. కునుకుపాట్లు పడుతుంటే పడుకోమన్నారు. ఒంటి మాట వినవద్దని ఎక్కడా అనలేదు.

మొలల వ్యాధితో బాధపడుతున్న హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు ఆయన, నిలబడి చేయమనీ, చేతకాకపోతే కూర్చుని, అదీ కాకపోతే పక్కకు ఒరిగి పడుకుని చేయమనీ చెప్పారు. మన ఇళ్ళలో మంచం పట్టిన నానీమాలు అలాగే చేస్తారు. తలతో సైగ చేస్తారు. రుకూకు కొద్దిగా వంచుతారు, సజ్దాకు అంతకంటే కాస్త కిందకి. చూసేవాళ్ళకు ఆ తేడా బెత్తెడు కూడా ఉండదు. వారు మాత్రం ఏనాడూ దాన్ని తప్పరు.