ఆవు ఈనలేక కష్టపడుతుంటే ఏం చేయాలి?

మనలో చాలామంది ఇండ్లల్లో ఆవులు ఉన్నాయి. మా ఇంట్లో ఆవు పాలు పిండుకోము, పాలన్నీ దూడకే. కోడెదూడ పుడితే రేపు అదే మా నాగలి ఎద్దు. అందుకని ఆవు ఈనడం మాకు చిన్న సంగతి కాదు.

2023 సంక్రాంతి సెలవుల్లో మా తొలిచూలు ఆవుకి పొద్దున్నే నీటి బుడగ పగిలింది. మధ్యాహ్నం అయినా ఈనలేదు. రెండు కాళ్ళు మాత్రం బయటకి వచ్చాయి. మా నాయన, బాబాయిలు తాడు కట్టి నలుగురూ లాగేశారు. దూడ చచ్చి పుట్టింది. ఆవు మళ్ళీ లేవలేదు, మూడో రోజు పోయింది. దూడ మెడ లోపల పక్కకి తిరిగిపోయి ఉందంట. మర్నాడు వచ్చిన పశువుల డాక్టరు గారు చెప్పారు. నేను ఆయన్ని అడిగినవన్నీ రాస్తున్నాను.

ఆవు సుమారు 280 రోజులు మోస్తుంది. సరిగా వచ్చే దూడ చెరువులోకి దూకే పిల్లాడిలాగ ముందుకాళ్ళు చాపి, వాటి మీద తల పెట్టుకుని వస్తుంది. మొదట గిట్టలు, వెనకే ముక్కు కనపడాలి. కాళ్ళు వచ్చి ముక్కు రాలేదంటే తల తిరిగిందేమో అని అనుమానించాలి. గిట్టల అడుగు భాగం ఆకాశం వైపు ఉంటే అవి వెనకకాళ్ళు కావచ్చు. ఇలాంటప్పుడు లాగకూడదు. ఆవు ముక్కడం ఆపినప్పుడు దూడని లోపలికి నెట్టి, సరిచేసి, అప్పుడు తియ్యాలి. అది తెలిసినవాళ్ళ పని, మనది కాదు.

నీళ్ళు పోయాక రెండు గంటలైనా దూడ రాకపోతే, లేదా అరగంట గట్టిగా ముక్కినా ముందుకు జరగకపోతే డాక్టరుకి కబురు పెట్టాలి. మావాళ్ళు సాయంత్రం దాకా ఆగారు. అదే తప్పు.

ఈనాక మాయ పడకపోతే మా ఊళ్ళో దానికి రాయి కడతారు. కట్టకూడదంట, లోపల తెగి కుళ్ళిపోతుంది. 12 గంటలు దాటితే డాక్టరే చూడాలి. మాయని ఉత్త చేతులతో పట్టుకోకూడదు. ఈసుకుపోయే రోగం ఉన్న ఆవైతే ఆ జ్వరం మనుషులకీ వస్తుంది. ఇంకో మాట, మాయ పడేదాకా దూడని పొదుగు దగ్గరికి రానివ్వరు కదా? అది కూడా తప్పే. దూడ తాగితేనే మాయ తొందరగా పడుతుంది. జున్నుపాలు మొదటి రెండు గంటల్లోనే తాగించాలి.

పశువుల అంబులెన్సుకి 1962 నెంబరు, డబ్బులు అక్కర్లేదు. మా గూడెంలో సిగ్నల్ కొండ ఎక్కితేనే వస్తుంది, అది వేరే సంగతి.

మా ఇంకో ఆవు ఇప్పుడు చూడితో ఉంది. మొన్న సెలవులకి వెళ్ళి గోడ మీద బొగ్గుతో 1962 అని పెద్దగా రాసి, మా అమ్మమ్మకి చదివి వినిపించాను. "ఎవరు పుట్టిన సంవత్సరమే అది?" అని అడిగింది.

— 9వ తరగతి విద్యార్థిని