ఫార్మాట్‌కి ముందు ఒక్కమాట

ల్యాప్‌టాప్‌కి వైరస్ పట్టిందని షాపుకి తీసుకెళ్తే చాలాచోట్ల వినపడే మొదటి మాట, "ఫార్మాట్ కొట్టేద్దాం మేడమ్!" అని. అతన్ని అని లాభం లేదు, మిషను పనిచేస్తే అతని పని అయిపోయినట్టే. మనకలా కాదే! అందులో పెళ్లి ఫొటోలుంటాయి, పిల్లల సర్టిఫికెట్లుంటాయి, నాలాంటి వాళ్లకైతే సగం రాసిన కథలుంటాయి. ఇంటికి సున్నం వేయించాలంటే సామాను ముందు బయట పెట్టుకోమా?

వైరస్ వచ్చినంత మాత్రాన ఫైళ్లన్నీ పోయాయని బెంబేలు పడక్కర్లేదు. వైరస్ కూడా ఒక ప్రోగ్రామే. నడిస్తేనే హాని చేస్తుంది. విండోస్ లేచిందంటే సాధారణంగా దాంతోపాటు అదీ లేస్తుంది. కాబట్టి అనుమానం రాగానే ఇంటర్నెట్ తీసేసి, ల్యాప్‌టాప్ ఆపేయాలి. ఆ డిస్కులోని విండోస్‌ని లేపకుండా ఫైళ్లు తీసుకోవడంలోనే ఉంది కిటుకంతా.

విజయవాడలో ఉండే మా తోడికోడలికి ఈమధ్య ఇదే అయింది. పిల్లాడు జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకొచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టాడు. రెండో రోజుకి ఫోల్డర్లు మాయమై, వాటి చోట షార్ట్‌కట్లు ప్రత్యక్షం! "మామయ్యగారి గొంతు కూడా పోయిందే" అని ఫోన్‌లో ఒకటే ఏడుపు. పోయిన ఏడాది కాలం చేసిన మా మామగారు తన చిన్నప్పటి కబుర్లు చెబుతుంటే రికార్డు చేసి పెట్టుకుంది పాపం. షాపతను మిషను వదిలి వెళ్లమంటే ఇవ్వకుండా ఇంటికి తెచ్చేసుకుంది. మంచి పని చేసింది. ఇంటి ఫొటోలు, బ్యాంకు కాగితాలు ఉన్న డిస్కుని తెలియనివాళ్ల దగ్గర రాత్రంతా వదిలిపెట్టడం నాకూ నచ్చదు.

మా అన్నయ్య కొడుకు వేరే కంప్యూటర్లో 16 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి ఉబుంటు ఎక్కించి తెచ్చాడు. లినక్స్‌లో ఒక రకం అది, ఉచితమే. ల్యాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కి (కొన్ని కంపెనీలకి ఎఫ్2 లేదా ఎస్కేప్) ఆ పెన్‌డ్రైవ్ నుంచే లేపాడు. అక్కడ "ట్రై" ఎంచుకోవాలి. పొరపాటున "ఇన్‌స్టాల్" అని ముందుకు పోతే ఉన్న డిస్కే తుడిచిపెట్టుకుపోవచ్చు. విండోస్ కోసం రాసిన వైరస్ అక్కడ మామూలుగా నడవదు. దాగిన ఫోల్డర్లన్నీ ఎక్కడివక్కడే కనపడ్డాయి! వాటిని కొత్త ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులోకి కాపీ చేశాడు.

కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్కుకి బిట్‌లాకర్ అనే తాళం ఉంటుంది. అప్పుడు 48 అంకెల రికవరీ కీ కావాలి. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్లో దొరుకుతుంది, ఫోన్ నుంచైనా చూసుకోవచ్చు.

అన్నీ మూటగట్టి తెచ్చుకోకూడదు సుమండీ. ఫొటోలు, వీడియోలు, పీడీఎఫ్‌లు, డాక్యుమెంట్లు చాలు. చివర ఈఎక్స్ఈ, ఎస్‌సీఆర్, బ్యాట్, వీబీఎస్ అని ఉన్నవి, షార్ట్‌కట్లు వద్దు. కొన్ని మారువేషంలో ఉంటాయి. పేరు చివర జేపీజీ అని కనపడుతుంది, దాని వెనక ఈఎక్స్ఈ నక్కి ఉంటుంది. విండోస్ ఆ ఆఖరి ముక్కని మామూలుగా దాచేస్తుంది కాబట్టి, పూర్తి పేరు చూపించే సెట్టింగు పెట్టుకోవాలి. తెచ్చిన డిస్కుని మంచి కంప్యూటర్‌కి తగిలించాక ఏ ఫైలూ తెరవకుండా, అప్‌డేట్ చేసిన యాంటీవైరస్‌తో మొత్తం స్కాన్ చేయాలి. ఆ తర్వాత వర్డ్ ఫైలు తెరిస్తే పైన పసుపు పట్టీ వచ్చి "ఎనేబుల్ కంటెంట్" అంటుందా? నొక్కకండి.

ఫైళ్లకే తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ అయితే కథ వేరు. 2017 మేలో వన్నాక్రై అలాగే ప్రపంచాన్ని వణికించింది, ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్నింటినీ వదల్లేదు. అలాంటప్పుడు కాపీ చేసినా ఫైలు తెరుచుకోదు. అయినా పారేయకండి. యూరోపోల్, డచ్ పోలీసులు మరికొందరితో కలిసి 2016లో మొదలుపెట్టిన "నో మోర్ రాన్సమ్" సైట్లో కొన్ని రకాలకి తాళంచెవులు ఉచితంగా ఇస్తున్నారు. డబ్బు కడితే ఫైళ్లు వస్తాయన్న పూచీ మాత్రం ఎవరూ ఇవ్వరు.

ఈలోగా మెయిల్, బ్యాంకు పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చేసుకోవాలి. మా తోడికోడలు రెండోచోట కూడా కాపీ పెట్టించుకుంది, నాలుగు ఫొటోలు తెరిపించి చూసింది, మామయ్యగారి రికార్డింగ్ ఒకటి మొదలుదాకా చివరిదాకా కూర్చుని వింది. ఆ మర్నాడు ల్యాప్‌టాప్ షాపుకి పట్టుకెళ్లి, "ఇక కొట్టెయ్ బాబూ ఫార్మాట్" అంది.