వైద్యునికి లైసెన్సు ఎందులకు?

రోగి వైద్యుని ఆశ్రయించునపుడు ఆ వైద్యుడు యోగ్యుడగునో కాదో తెలిసికొను శక్తి సామాన్యముగా అతనికి ఉండదు. కావుననే పెక్కు దేశములందు ప్రభుత్వములు వైద్యులకు లైసెన్సు ఏర్పరచి, అది లేనివారు వైద్యము చేయరాదని శాసించినవి. దీనివలన వైద్యము నాణ్యత పెరుగునా, లేక వైద్యుల సంఖ్య తగ్గి రుసుము మాత్రమే పెరుగునా? ఈ ప్రశ్నను అర్థశాస్త్రజ్ఞులు చిరకాలముగా చర్చించుచున్నారు.

అమెరికా అర్థశాస్త్రవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లో ప్రకటించిన 'కాపిటలిజం అండ్ ఫ్రీడం' అను గ్రంథమున లైసెన్సు విధానమును ఖండించెను. లైసెన్సు ఇచ్చు అధికారము చివరకు ఆ వృత్తిలోనివారికే దక్కుననియు, వారు క్రొత్తవారి రాకను అరికట్టుదురనియు ఆయన వాదము. యోగ్యతాపత్రము ఇయ్యవచ్చును గాని, అది లేనివారిని నిషేధింపరాదనెను. ఈ వాదమును ఒక ఉదాహరణముతో గ్రహింపవచ్చును. పట్టుచీరలు తప్ప మరేవియు నేయరాదని శాసించినచో చీరల సగటు నాణ్యత పెరుగును. కట్టుకొన గుడ్డలేనివారి సంఖ్యయు పెరుగును.

ఇది కేవలము ఊహ కాదు. 1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికా, కెనడాలలోని 155 వైద్యకళాశాలలను పరిశీలించి నివేదిక సమర్పించెను. ప్రయోగశాలలు సైతము లేని పెక్కు కళాశాలలు తరువాత మూతబడుట లోకమునకు మేలే. కాని ఆనాడు నల్లజాతివారికై ఉన్న 7 వైద్యకళాశాలలలో హోవర్డ్, మెహారీ అను రెండు మాత్రమే నిలిచినవి. తక్కిన ఐదును 1923 నాటికి మూతబడెను. ఇతర కళాశాలలు పెక్కు వారిని చేర్చుకొననందున, ఆ జాతి యువకులకు వైద్యవిద్య మరింత దుర్లభమయ్యెను.

అయినను రెండవ పక్షము బలహీనము కాదు. 1963లో కెన్నెత్ ఆరో వ్రాసిన వ్యాసము ప్రకారము వైద్యము ఇతర సరకుల వంటిది కాదు. బియ్యము బాగులేనిచో మరునాడు అంగడి మార్చుకొందుము. శస్త్రచికిత్స వికటించినచో మార్చుకొను అవకాశము మిగులకపోవచ్చును. తెలిసినవానికిని తెలియనివానికిని నడుమ జరుగు వ్యవహారమున విశ్వాసమే మూలధనము. ఆ విశ్వాసమును నిలుపుటకే లైసెన్సు వంటి ఏర్పాట్లు పుట్టినవి.

ఈ రెండు వాదములను త్రాసున ఉంచి చూచినచో, లైసెన్సును తొలగింపవలెనని మేము అనజాలము. కాని నాణ్యతను లెక్కించునపుడు వైద్యుని యొద్దకు చేరినవారిని మాత్రమే గాక, చేరలేనివారినిగూడ లెక్కింపవలెనని ఫ్రీడ్‌మన్ నేర్పిన పాఠము శిరోధార్యము. మన రాజ్యాంగము 30వ అధికరణము ద్వారా అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలను స్థాపించి నడుపుకొను హక్కు ప్రసాదించినది. ఆ నీడన చదువుకొనుచున్న మనకు ఫ్లెక్స్‌నర్ కథ ఒక హెచ్చరిక. ప్రమాణము ఉన్నతముగనే ఉండనిండు. కాని దానిని పెంచిన చేతులే బీదవిద్యార్థికి నిచ్చెనయు వేయవలెను. నిచ్చెన వేయని ప్రమాణము గోడయే యగును.