గుప్పిట విప్పిన గురువులు

అమరావతి: పంచారామాల్లో ఒకటైన అమరేశ్వరాలయంలో శివ పంచాక్షరి వినిపిస్తుంది. అదే ఊళ్లో కొద్ది దూరంలో బౌద్ధ స్తూపం ఉంది. అప్పుడప్పుడు వచ్చే టిబెట్ భిక్షువులు జపమాల తిప్పుతూ ‘ఓం మణి పద్మే హుం’ అనే షడక్షరితో దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తారు. దేవుడు వేరు, భాష వేరు. కానీ మంత్రాన్ని గురువు నోట వినాలన్న నియమం ఇద్దరికీ ఉంది. మనవారు దాన్ని ఉపదేశమంటే, టిబెట్ వారు అభిషేకమంటారు.

మననం చేసేవాడిని కాపాడేది మంత్రమని పెద్దలు అర్థం చెప్పారు. పలికే తీరు, అర్థం, నియమం నేర్పడానికి గురువు కావాలి. అయితే ఎలాంటి గురువు? చిక్కంతా ఇక్కడే ఉంది.

గోపురమెక్కిన రామానుజులు

తమిళనాడులోని తిరుగోష్ఠియూరులో గోష్ఠీపూర్ణుల వద్ద అష్టాక్షరి కోసం రామానుజులు 18 సార్లు తిరిగారని ఐతిహ్యం. ఎవరికైనా చెబితే నరకానికి పోతావని గురువు హెచ్చరించి ఉపదేశించారు. రామానుజులు ఆలయ గోపురమెక్కి అందరినీ పిలిచి ఆ మంత్రార్థం చాటారు. ఇంతమంది తరిస్తే తానొక్కడూ నరకానికి పోయినా మేలేనన్నారు. కోపంతో వచ్చిన గురువే చివరకు ఆయనను కౌగిలించుకున్నారు. 2022లో హైదరాబాద్ సమీపంలోని ముచ్చింతల్‌లో ఆవిష్కరించిన 216 అడుగుల సమతామూర్తి విగ్రహం ఈ రామానుజులదే.

బుద్ధుడు చెప్పిందీ అదే

ఎనభై ఏళ్ల వయసులో, చివరి రోజుల్లో బుద్ధుడు శిష్యుడు ఆనందునికి ఒక మాట చెప్పాడు. తాను గుప్పిట మూసి దాచుకున్న బోధ ఏదీ లేదన్నాడు. అంతకు ముందు కాలాములనే ప్రజలు, వచ్చిన ప్రతి గురువూ తన మాటే నిజమంటున్నాడని మొర పెట్టుకున్నారు. గురువు చెప్పాడని నమ్మవద్దు, ఆచరిస్తే మేలు జరుగుతుందో కీడు జరుగుతుందో మీరే చూసుకోండని వారికి సలహా ఇచ్చాడు.

అమరావతి పాత పేరు ధాన్యకటకం. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ఇక్కడే బోధించాడని టిబెటన్ల నమ్మకం. అందుకే 2006 జనవరిలో దలైలామా ఇక్కడ కాలచక్ర దీక్ష ఇచ్చారు. తంత్ర దీక్షలు సాధారణంగా కొద్దిమందికే పరిమితం. కాలచక్రను మాత్రం వేలమందికి బహిరంగంగా ఇవ్వడం ఆనవాయితీ. అయినా గురువును ముందుగా పరీక్షించాలని, అందుకు పన్నెండేళ్లు పట్టినా ఫరవాలేదని ఆ సంప్రదాయం చెబుతుంది.

పాముకాటుకు మంత్రమా?

మరి మన పల్లెల్లో జరుగుతున్నదేమిటి? మంత్రం పేరు చెప్పి తాయెత్తులు అమ్మేవారున్నారు. పాము కరిస్తే ఆసుపత్రి వదిలి మంత్రగాడి గడప తొక్కేవారూ ఉన్నారు. చాలా పాములకు విషం లేదు. విషసర్పం కరిచినా ఒక్కోసారి విషం ఎక్కదు. అలా బతికినవారిని చూపి మంత్రం పారిందంటారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి విషం నిజంగా ఎక్కితే విరుగుడు ఇంజెక్షనే దిక్కు. మంత్రగాడి అరుగు మీద గడిచిన ప్రతి గడియా ప్రాణం మీదికి తెస్తుంది. మంత్రాలకు చింతకాయలు రాలవన్న సామెత ఊరికే పుట్టలేదు.

జపం మనసును నిలుపుతుంది. భయాన్ని తగ్గిస్తుంది. ఆ మేలు కోరేవారిని ఎవరూ కాదనరు. విషాన్ని దించడం మాత్రం దాని పని కాదు. ఉపదేశానికి వెల కట్టేవాడిని, వైద్యం వద్దనేవాడిని, ప్రశ్నిస్తే శపిస్తాననేవాడిని గురువని ఎలా అనగలం? రామానుజులు ఎక్కింది గోపురం, బుద్ధుడు విప్పింది గుప్పిట. మొక్కే ముందు ఎదుటివాడి గుప్పిట ఎందుకు మూసి ఉందో ఒక్కసారి అడగడం మంచిది.