చెఱసాల తప్ప దారి లేదా?

నేరము ఋజువైన వాడు చెఱసాలకు పోవలసినదే యని మనలో చాలమంది తలంపు. మన చట్టము మాత్రము అంత సూటిగా చెప్పుట లేదు. 1958లో పార్లమెంటు చేసిన నేరస్థుల ప్రొబేషన్ చట్టములోని 6వ సెక్షను వేఱొక దారి చూపుచున్నది. 21 ఏండ్లు నిండని వ్యక్తిపై జైలుశిక్షకు తగిన నేరము ఋజువైనప్పుడు, అది యావజ్జీవ కారాగార శిక్షకు తగినది కానిచో, ఆ వ్యక్తిని జైలుకు పంపరాదని అది విధించినది. పంపక తప్పదని న్యాయాధిపతి భావించినచో అందులకు కారణములను వ్రాసి చూపవలెను. ఇచటి విశేషమును శ్రోతలు గమనింతురు గాక. యువకుని జైలునుండి తప్పించుటకు గాదు, జైలుకు పంపుటకే సంజాయిషీ కావలెను.

ప్రొబేషన్ అననేమి? కొందఱు దీనిని క్షమాభిక్ష యనుకొందురు, అది సరిగాదు. నేరము ఋజువైనట్లే తీర్పు వచ్చును. శిక్షను మాత్రము న్యాయస్థానము వెంటనే విధింపదు. మూడేండ్లకు మించని గడువు పెట్టి, ఆ గడువులో సత్ప్రవర్తనతో మెలగుదుననియు, పిలిచినప్పుడు వచ్చి శిక్షను స్వీకరింతుననియు నేరస్థునిచేత బాండు వ్రాయించుకొనును. వలసినచో ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉంచును. ఎక్కడ నివసింపవలెనో, ఏ మత్తుపదార్థము మానవలెనో షరతులు పెట్టవచ్చును. షరతు తప్పినచో మొదటి నేరమునకే శిక్ష పడవచ్చును. మెడమీద కత్తి ఉండనే యుండును. కాని మనిషి తన ఇంటిలో, తన పనిలో ఉండును.

మఱి నష్టపోయిన వాని గతి యేమని అడుగువారుందురు. న్యాయమైన ప్రశ్నయే. నేరస్థునిచేత నష్టపరిహారము ఇప్పించు అధికారము అదే చట్టము 5వ సెక్షను ప్రకారము న్యాయస్థానమునకు కలదు. దొంగ జైలులో కూర్చున్నంత మాత్రమున సైకిలు పోగొట్టుకొన్న వానికి సైకిలు రాదు. దొంగ కూలి చేసి డబ్బు కట్టినచో కొంతైనను చేతికి వచ్చును.

ఈ పద్ధతిని మొదట నడిపి చూపినవాడు న్యాయశాస్త్ర పండితుడు కాడు. అమెరికాలోని బోస్టను నగరమున జాన్ ఆగస్టస్ అను బూట్లు కుట్టువాడుండెను. 1841లో ఆయన పోలీసు కోర్టునకు పోయి, త్రాగుబోతని నేరము మోపబడిన ఒకనికి తాను జామీను నిలిచెను. మూడు వారములు గడువిచ్చిరి. గడువు తీఱునప్పటికి ఆ మనిషి గుర్తింపరానంతగా మాఱి న్యాయస్థానమున నిలువబడెను. న్యాయాధిపతి ఖర్చులు గాక ఒక్క సెంటు జుల్మానాతో సరిపుచ్చెను. తరువాత ఆయన స్త్రీలకును, పిల్లలకును గూడ పూచీపడెను. 1859లో మరణించునాటికి అట్లు విడిపింపబడినవారి సంఖ్య 2,000కు చేరువ. ఆయన రాష్ట్రమైన మసాచుసెట్సు ఇందులకై చట్టము చేసినది 1878లో మాత్రమే.

మన దేశమున ఈ చట్టపు ఆంతర్యమును తేటపఱచిన తీర్పులలో ఒకటి తెలుగువానిది. రాజమహేంద్రవరమున జన్మించి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తియైన కోకా సుబ్బారావుగారు 1964లో సుప్రీంకోర్టున ఒక అప్పీలు విచారించిరి. ముద్దాయి పంజాబునకు చెందిన 16 ఏండ్ల బాలుడు. ఒక ఇంట జొరబడి చిన్నపిల్లయెడ అసభ్యముగా ప్రవర్తించెనని శిక్ష పడెను. తప్పు చిన్నది కాదు. పైగా ప్రొబేషన్ చట్టము ఆ జిల్లాకు వర్తించినది శిక్ష పడిన తరువాతనే. ఐనను శిక్షను హెచ్చింపక తగ్గించునట్టి చట్టమును, యువకుని దిద్దుటకు ఉద్దేశింపబడిన చట్టమును, అప్పీలు దశలో నైనను వర్తింపజేయవచ్చునని సుబ్బారావుగారు మెజారిటీ తీర్పు వ్రాసిరి. బెంచిలో ఒక న్యాయమూర్తి విభేదించిరి. సులభమైన కేసులలో దయ చూపుట యెవరికైనను తేలికయే. ఇట్టి కేసులోనే చట్టమునకు పరీక్ష.

18 ఏండ్లు నిండనివారి సంగతి వేఱు. 2015 నాటి బాలన్యాయ చట్టము ప్రకారము వారిని పోలీసు లాకప్పులోగాని, జైలులోగాని ఉంచనే రాదు. చిక్కంతయు 18కిని 21కిని నడుమ నున్నవారిది. వీరికై ఇంగ్లండులో కెంటు మండలపు బోర్స్టల్ గ్రామమున 1902 ప్రాంతమున ఒక ప్రయోగము జరిగెను. యువకులను ముదురు నేరస్థులనుండి వేఱుచేసి క్రమశిక్షణతో పని నేర్పుట దాని తత్త్వము. మద్రాసు ప్రభుత్వము 1925 నాటి చట్టముతో దానిని ఇచటికి తెచ్చెను. పుట్టినింటనే 1982 నాటి చట్టముతో అది రద్దయ్యెను. పెద్ద జైలుకంటె అది మేలే యనవచ్చును. గోడ లున్నంతకాలము అదియు జైలే యని మా అభిప్రాయము.

ఇక స్త్రీల విషయము. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 360వ సెక్షనునందు 21 ఏండ్లలోపు వారిని, ఏ వయస్సు స్త్రీలనైనను ఒకే వాక్యములో చేర్చిరి. మునుపు శిక్షపడి యుండనిచో, నేరము మరణశిక్షకుగాని యావజ్జీవ శిక్షకుగాని తగినది కానిచో, వారిని సత్ప్రవర్తన బాండుపై విడువవచ్చును. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఇది 401వ సెక్షను. స్త్రీల నిట్లు వేఱుగా చూచుటకు హేతువు లేకపోలేదు. పురుషుడు జైలుకు పోయిన ఇంట భార్యయో తల్లియో ఎట్లో పొయ్యి వెలిగించుచుండును. స్త్రీ జైలుకు పోయినచో పలుచోట్ల ఆ ఇల్లే చెదరును. చంటిబిడ్డ ఉన్నచో తల్లి వెంట తానును లోపలికి పోవును. 2022 డిసెంబరు 31 నాటికి మన దేశపు జైళ్లలో 23,772 మంది స్త్రీలుండగా, వారిలో 1,537 మంది వద్ద 1,764 మంది పిల్లలుండిరి.

ఈ పిల్లలనుగూర్చి సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన తీర్పులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. బిడ్డను ఖైదీగా చూడరాదు. ఆఱేండ్లు వచ్చువఱకు తల్లి వద్ద ఉండనీయవలెను. తగిన ఆహారము, శిశుసంరక్షణ కేంద్రము ఉండవలెను. కాన్పు వీలైనంతవఱకు జైలు వెలుపల జరుగవలెను. జైలులోనే పుట్టినను జనన పత్రములో ఆ మాట వ్రాయరాదు. మంచి నియమములే. కాని ఆఱేండ్లు నిండిన బిడ్డను తల్లినుండి వేఱు చేయుట తప్పలేదు. 2010లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బ్యాంకాక్ నియమములు ఇంకొక అడుగు ముందుకు వేసినవి: గర్భిణికిని, పోషింపవలసిన పిల్లలున్న తల్లికిని, సాధ్యమైనచోట నిర్బంధము లేని శిక్షనే ముందుగా ఎంచుకొనవలెనని అవి చెప్పుచున్నవి.

ఇన్ని చట్టము లుండగా జైళ్లు ఏల నిండుచున్నవి? అదే 2022 చివర మొత్తము 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణ ముగియనివారు. ప్రొబేషన్ నేరము ఋజువైన తరువాతి మాట. ఋజువు కాకమునుపే నెలల తరబడి లోపల నున్నవానికి దానివలన ఏమి లాభము? స్త్రీలకును, బాలలకును, రోగులకును బెయిలు విషయమున చట్టము ప్రత్యేకముగా వెసులుబాటు చూపినది. బెయిలు వచ్చినను పూచీదారు దొరకడు. 1978లో ఒక తాపీపనివాని కేసులో, 10,000 రూపాయల పూచీ అడిగి, అన్నగారి ఆస్తి వేఱు జిల్లాలో నున్నదని త్రోసివేయుటను సుప్రీంకోర్టు తప్పుపట్టెను. 2023 జనవరిలో ఆ కోర్టే, బెయిలు వచ్చి నెల గడచినను బాండు ఈయలేకపోయినచో షరతులను సడలించు విషయమును కోర్టులు తమంత తామే పరిశీలింపవచ్చునని చెప్పెను. తొలిసారి నేరము మోపబడినవాడు గరిష్ఠ శిక్షలో మూడవవంతు కాలము విచారణ ఖైదీగా గడపినచో, యావజ్జీవ, మరణశిక్షల నేరములు గాక తక్కినవాటిలో, సాధారణముగా వానిని బాండుపై విడువవలెనని కొత్త సంహిత చెప్పుచున్నది. భారతీయ న్యాయ సంహితలో సమాజసేవయు ఒక శిక్షగా చేరినది. 5,000 రూపాయలలోపు వస్తువు దొంగిలించి తిరిగి ఇచ్చిన తొలి నేరస్థునికి ఆ శిక్షయే. ఇట్టి నేరములు కొలదియే గాని, తలుపు తెఱచుకొన్నది.

ఇందులో గృహస్థులమైన మనకు పని లేదని తోచవచ్చును, కలదు. నిర్బంధములో నున్నవారికిని, స్త్రీలకును, బాలలకును ఆదాయముతో నిమిత్తము లేకుండ ప్రభుత్వమే ఉచితముగా న్యాయసహాయము ఈయవలెనని 1987 నాటి చట్టము చెప్పుచున్నది. 15100 నంబరునకు ఫోను చేసి ఆ సహాయము అడుగవచ్చును. మన వీధిలో పనిచేయు కుఱ్ఱవాడో, అంట్లు తోమునామెయో చిక్కులో పడినప్పుడు ఈ మాట వారి ఇంటివారికి తెలుపుట చిన్న ఉపకారము కాదు.

మఱియొకటి కలదు. 21 ఏండ్లలోపు వానిని జైలుకు పంపునో మానునో నిర్ణయించుటకు ముందు, న్యాయస్థానము ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకొనవలెను. ఆ అధికారి ఇరుగుపొరుగు వారిని, పని ఇచ్చిన యజమానిని, చదువు చెప్పిన ఉపాధ్యాయుని కలిసి విచారించును: వాని నడత యెట్టిది, విడిచినచో ఎచట ఉండును, ఎవరు పని ఇత్తురు? మనకేల యని మనము తలుపు వేసికొన్నచో ఆ కాగితములో ఆ గడి ఖాళీగా ఉండును. చెప్పినందువలన పగ వచ్చునేమోయని జంకువారును కలరు. నివేదికను రహస్యముగా ఉంచవలెనని 7వ సెక్షను శాసించుచున్నది. దాని సారాంశమును మాత్రము న్యాయస్థానము తనకు ఉచితమని తోచినచో ముద్దాయికి తెలిపి, అతడు చెప్పుకొనునది వినవచ్చును.