రెండు భాషల బడి

మాతృభాషను విడిచిపెడితేనే పరభాష అబ్బుతుందన్న అభిప్రాయం మనలో బలంగా నాటుకొని ఉన్నది. అమెరికాలోని ఒక పాఠశాల చరిత్ర ఈ విషయమై మనల్ని ఆలోచింపజేస్తుంది.

1959 నాటి విప్లవానంతరం క్యూబా నుండి వేలాది కుటుంబాలు ఫ్లోరిడా రాష్ట్రంలోని మయామీ నగరానికి తరలివచ్చాయి. వారి పిల్లల భాష స్పానిష్. పాఠశాలల భాష ఇంగ్లీషు. 1963లో అక్కడి కోరల్ వే ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల నూతన మార్గాన్ని అవలంబించింది. క్యూబా పిల్లలకు ఇంగ్లీషు నేర్పడంతో సరిపెట్టక, ఇంగ్లీషు పిల్లలకు స్పానిష్ కూడ నేర్పింది. రోజులో సగభాగం ఒక భాషలో, మిగతా సగం రెండవ భాషలో పాఠాలు సాగేవి.

నేడు ఇట్టి పాఠశాలలలో కొన్ని ఈ సమభాగ పద్ధతినే పాటిస్తున్నాయి. మరికొన్నింటిలో తొలి తరగతులలో 90 శాతం బోధన స్పానిష్‌లోనే జరుగుతుంది. వీధిలో ఇంగ్లీషు ఎలాగూ వినబడుతుంది కదా! పై తరగతులకు వెళ్ళేకొద్దీ రెండూ సమానమవుతాయి. గణితము, సామాన్యశాస్త్రము సైతం ఆ భాషలలోనే బోధించడం వలన భాష కేవలం పాఠ్యాంశంగా గాక జ్ఞానసాధనంగా అలవడుతుంది.

ఈ మార్గం నిష్కంటకమైనది కాదు. 1998లో కాలిఫోర్నియా ప్రజలు తమ ఓటుతో ద్విభాషా బోధనపై ఆంక్షలు విధించారు. 2016లో మళ్ళీ ఓటుతోనే వాటిని తొలగించారు.

అల్పసంఖ్యాకుల భాషను వారు మాత్రమే నేర్చినంతకాలం అది ఇంటి గడప దాటదు. పొరుగువారు కూడ నేర్చినపుడే దానికి గౌరవం. ఉర్దూ, తెలుగు రచనలు ఒకే సంచికలో అచ్చయ్యే మన కళాశాలలో, ఒకరి పుటలను మరొకరం చదవగలుగుతున్నామా? వారానికొక గంటైనా పరస్పరం లిపులు నేర్చుకొనే ఏర్పాటు జరగాలని మా ఆకాంక్ష.