ఎడ్లబండి ఎక్కిన విత్తనాల కథ

సంక్రాంతి వచ్చిందంటే జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్లలో ఎడ్లబండ్లు ముస్తాబవుతాయి. వాటి మీద కుండల్లో జొన్న, సజ్జ, కొర్ర, సామ విత్తనాలు. ముందు డప్పులు, పాటలు. ఊరూరా తిరిగే ఈ ‘పాత పంటల జాతర’ను పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు రెండు దశాబ్దాలకు పైగా నడుపుతున్నాయి. వీరిలో ఎక్కువమంది దళిత మహిళలు, చిన్న కమతాల రైతులు. ఏ విత్తనం ఏ నేలకు నప్పుతుందో, కరువులో ఏ పంట ఇంటిని ఆదుకుంటుందో బండి ఆగిన చోట మాట్లాడుకుంటారు.

ఆ మాటల వెనుక గట్టి శాస్త్రం ఉంది. నీరు నిలిచిన వరి మడిలో, గాలి సోకని మట్టిలోని సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. భూమిని వేడెక్కించే వాయువుల్లో అదొకటి. వానాధారపు చిరుధాన్యాలకు నిలవనీరు అక్కర్లేదు. పైగా జొన్న, సజ్జ, కొర్ర ‘సీ4’ మొక్కలు. కార్బన్ డయాక్సైడ్‌ను ఆకు లోపలి కణాల్లో పోగుచేసుకుంటాయి కనుక పత్రరంధ్రాలను ఎక్కువగా తెరవనక్కర్లేదు. అందుకే తక్కువ నీటితో ఎండను తట్టుకుంటాయి.

2024లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత, పారిశ్రామిక యుగానికి ముందున్న దానికంటే సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువగా నమోదైంది. అంకె భయపెడుతుంది కానీ అందులో మన చేను కనిపించదు. కథలో కనిపిస్తుంది. 2010లో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త యూరీ హాసన్ బృందం కథ చెప్పేవారి మెదడునూ వినేవారి మెదడునూ స్కాన్ చేసి చూసింది. కథ అర్థమైనప్పుడు రెండు మెదళ్ల స్పందనలూ జతకలిశాయి. ఎంత బాగా అర్థమైతే జత అంత బలపడింది. వినేవారికి రాని రష్యన్ భాషలో కథ చెబితే ఆ జత కుదరలేదు.

జాతర నడిపే మహిళా సంఘాల కోసం 2008లో మాచనూరులో మొదలైన సంఘం రేడియో ఈ సూత్రానికి నిలువెత్తు ఉదాహరణ. అక్కడ వినిపించేది ఆ ఊళ్ల యాస, చెప్పేది సాటి రైతు. అయితే కథ విని మనసు మారిన రైతుకు మర్నాడు గింజలు కూడా దొరకాలి. అందుకే ఈ సంఘాలు ఊళ్లలో విత్తన బ్యాంకులు పెట్టుకున్నాయి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే, చిన్నప్పుడు వాళ్ల చేలో ఏమేం పండేవో, వానలెలా పడేవో ఈ వారమే అడగండి. రాసి పెట్టుకోండి. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని మీ యాసలోనే చెప్పండి.